తెల్లవారితే ఉరి

1975 మే. హైదరాబాద్. పొద్దు గుంకినా గోడల వేడి దిగలేదు. ముషీరాబాద్ జైల్లో ఇద్దరు ఖైదీలు. తెల్లవారితే ఉరి.

భూమయ్య, కిష్టాగౌడ్. ఆదిలాబాద్ రైతులు. నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్లి, హత్య కేసులో మరణశిక్ష పడ్డవాళ్లు. క్షమాభిక్ష దొరకలేదు. ఇక మిగిలింది తాడే.

ఆ తాడుకీ ఓ లెక్కుంది. జైలు మాన్యువల్ మహా శ్రద్ధగల పుస్తకం. మనిషిని తూచాలి, ఆ బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుక మూటగట్టాలి, ముందు ఆ మూటను ఉరి తీయాలి, తాడు తెగలేదని చూసుకోవాలి, తర్వాత మనిషిని వేలాడదీసి, పోయాడని రాసివ్వడానికి డాక్టర్ని పక్కనే నిలబెట్టుకోవాలి. సినిమాలో పెడితే హాలంతా నవ్వుతుంది. ఆ రాత్రి జైల్లో నవ్వే వీల్లేదు.

ఊళ్లో లాయర్లు ఉరుకుతున్నారు. వాళ్లలో కె.జి. కన్నబిరాన్ ఒకరు. కోర్టు తెరిచేదాకా ఆగితే బతికించడానికి ఎవరూ మిగలరు. ఇక జడ్జి ఇంటి తలుపు తట్టాల్సిందే.

జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టినాయన. ఇంట్లోనే వాదనలు విన్నారు. బయట రాత్రి కరిగిపోతోంది. సంతకం పడింది. స్టే!

తాడు ఆగింది. ఎన్నాళ్లు?

జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చిపడింది. ప్రాణం కాపాడమని కోర్టుకెళ్లే హక్కునే రెండ్రోజుల్లో కట్టిపడేశారు. డిసెంబర్ 1. అదే జైలు. ఈసారి ఏ కాగితమూ అడ్డం రాలేదు. ఇద్దరినీ ఉరితీశారు. ఆ జైలును తర్వాత పడగొట్టి, ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి కట్టారు.

మరి జడ్జిగారు? ఎమర్జెన్సీలోనే ఆయన్ను పంజాబ్–హర్యానా హైకోర్టుకు బదిలీ చేశారు. తర్వాత సుప్రీంకోర్టు. 1983 ఫిబ్రవరి 16. తమిళనాడు ఖైదీ వతీశ్వరన్ కేసు. ఉరికంబం నీడలో మనిషిని రెండేళ్లకు మించి కూర్చోబెడితే ఇక ఉరి తీయకూడదు, యావజ్జీవంగా మార్చాల్సిందేనని చిన్నప్పరెడ్డి తీర్పు రాశారు. దేశంలోని ఉరికొట్లలో లెక్కలు మొదలయ్యాయి. ఎవరికెన్ని నెలలు నిండాయి?

మార్చి 24న అదే సుప్రీంకోర్టులో మరో ధర్మాసనం కూర్చుంది. షేర్‌సింగ్ కేసు. రెండేళ్ల గడువు చెల్లదంది. ఉరిని ఆపబోయిన ఆ తీర్పు బతికింది అయిదు వారాలు.