కీర్తన, మౌనం: బైబిలులో రెండు ఆరాధనా ప్రతీకల చారిత్రక పరిశీలన

బైబిలులో సంగీతాన్ని స్తుతికీ జీవానికీ, మౌనాన్ని దుఃఖానికీ మృత్యువుకూ సంకేతాలుగా గ్రహించడం పరిపాటి. ఈ విభజనకు గ్రంథంలో ఆధారం లేకపోలేదు. మౌనంలోకి దిగిపోయిన మృతులు దేవుని స్తుతించలేరని 115వ కీర్తన చెబుతుంది. అయితే 65వ కీర్తన తొలి వాక్యం హీబ్రూ మూలంలో ఇందుకు పూర్తిగా భిన్నమైన భావాన్ని ప్రతిపాదిస్తుంది. సీయోనులో దేవుని యెదుట మౌనమే స్తుతి అని దాని అర్థం. ఒకే గ్రంథంలో మౌనం మృత్యుచిహ్నమూ స్తుతిరూపమూ ఎట్లా కాగలిగింది? ఈ రెండు మౌనాలను వేరుచేసే ప్రమాణం ఏది? ఆరాధనా చరిత్ర, పదచరిత్ర, అనువాద చరిత్రల ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

మౌనం తరువాత గీతం

నిర్గమకాండంలో మౌనమూ గీతమూ వరుసగా కనిపిస్తాయి. వెనుక ఫరో సైన్యం, ముందు సముద్రం ఉన్న వేళ ప్రజలు భయంతో కేకలు వేయగా, దేవుడే యుద్ధం చేస్తాడని, వారు నోరు మెదపక నిలిచి ఉండాలని మోషే ఆదేశిస్తాడు (14:14). సముద్రం దాటిన తరువాత మోషే గీతం, తంబుర చేపట్టిన మిర్యాము నాయకత్వంలో స్త్రీల గాననాట్యాలు వస్తాయి (15:1-21). ఇక్కడ మౌనం గీతానికి విరోధి కాదు, దానికి పూర్వస్థితి. విమోచన కార్యంలో మానవ వాక్కుకు పాత్ర లేదని మౌనం తెలిపితే, ఆ కార్యాన్ని గుర్తించడమే మానవ వాక్కు పని అని గీతం తెలుపుతుంది.

మౌనాలయం, గాయకాలయం

లేవీయకాండంలోని బలివిధులు రక్తప్రోక్షణను, క్రొవ్వు దహనాన్ని, అర్పణ పరిమాణాలను సూక్ష్మంగా నిర్దేశిస్తాయి. ఆ సమయంలో యాజకుడు పలుకవలసిన ప్రార్థనను గాని, పాడవలసిన పాటను గాని దాదాపు ఎక్కడా పేర్కొనవు. యెహెజ్కేల్ కౌఫ్మన్ ఈ విశేషాన్ని గుర్తించి యాజక దేవాలయాన్ని మౌనసామ్రాజ్యంగా భావించాడు. ఇజ్రాయెల్ నోల్ 1995లో ఆంగ్లంలో వెలువడిన తన గ్రంథానికి 'మౌనాలయం' అనే అర్థం గల పేరు పెట్టి ఈ వాదాన్ని విస్తరించాడు. మంత్రోచ్చారణతో దేవతలను వశపరచుకొనే పద్ధతికి దూరంగా ఉండడమే ఈ మౌనానికి కారణమని కౌఫ్మన్ అభిప్రాయం.

ఈ మౌనం సంపూర్ణం కాదన్నది కూడ గమనింపదగినది. ప్రధాన యాజకుని వస్త్రపు అంచున ఉన్న బంగారు గంటల ధ్వని అతడు పరిశుద్ధ స్థలంలో ప్రవేశించేటప్పుడు వినబడాలి (నిర్గమ. 28:33-35). ప్రాయశ్చిత్త దినాన అతడు మేకపై చేతులుంచి ప్రజల పాపాలను ఒప్పుకోవాలి (లేవీ. 16:21). ధ్వని ఉంది గాని గానం లేదు.

దినవృత్తాంతాల గ్రంథాలు చిత్రించే ఆలయం దీనికి భిన్నమైనది. అందులో ఆసాపు, హేమాను, యెదూతూను వంశీయులైన 288 మంది గాయకులు 24 వంతులుగా ఏర్పడతారు (1 దిన. 25). హిజ్కియా కాలపు వర్ణనలో దహనబలి ఆరంభం కాగానే గీతం ఆరంభమై, బలి ముగిసేవరకు సాగుతుంది (2 దిన. 29:27-28). ఈ గ్రంథాలు చెర అనంతర కాలానికి చెందినవి కనుక ఈ వర్ణనల్లో రెండవ ఆలయ కాలపు గాయకవ్యవస్థ ప్రతిఫలించిందని పండితులు భావిస్తారు. బలి యాజకునిది, పాట లేవీయునిది. ఈ శ్రమవిభజన వెనుక అధికార ప్రశ్న కూడ ఉంది. రెండవ అగ్రిప్ప రాజు కాలంలో లేవీయ గాయకులు యాజకులతో సమానంగా నారవస్త్రాలు ధరించే హక్కును కోరి సాధించుకొన్నారని, అది పూర్వాచార విరుద్ధమని చరిత్రకారుడు జోసీఫస్ నమోదు చేశాడు. కొద్ది కాలానికే, క్రీ.శ. 70లో, ఆలయం నేలకూలి బలి, గానం రెండూ నిలిచిపోయాయి.

తిరస్కృత గీతం, తిరస్కరించిన గీతం

సంగీతం స్వతహాగా పవిత్రమనే భావాన్ని క్రీ.పూ. 8వ శతాబ్దపు ప్రవక్త ఆమోసు అంగీకరించలేదు. దరిద్రులను అణచివేసే వారి పాటల ధ్వనిని, తంతివాద్యాలను దేవుడు వినజాలడని, న్యాయం ప్రవాహంలా సాగాలని అతడు ప్రకటించాడు (5:23-24). ఇక్కడ గీతాన్ని ఆపివేయమన్నవాడు దేవుడే. న్యాయరహితమైన గానం ప్రవక్త దృష్టిలో రొద మాత్రమే.

137వ కీర్తనలో గీతాన్ని ఆపినవారు గాయకులు. క్రీ.పూ. 587-586 ప్రాంతంలో యెరూషలేము పతనమై బబులోనుకు చెరపట్టబడిన వారిని, చెరపట్టినవారు సీయోను పాట పాడుమంటారు. బందీలు వాద్యాలను చెట్లకు తగిలిస్తారు. పాటను ఆజ్ఞాపించే అధికారం చెరపట్టినవారికి ఉన్నా, పాడకుండా ఉండే అధికారం గాయకుని వద్ద మిగిలింది. ఈ మౌనం పరాజయం కాదు, వినోద వస్తువుగా మారడానికి నిరాకరణ. పాడలేమన్న మాట చివరకు పాటగానే నిలిచిపోవడం ఈ కీర్తనలోని విశేషం.

'దూమియ్యా': పదం, అనువాదాలు

65వ కీర్తనలో మౌనాన్ని సూచించే 'దూమియ్యా' అనే పదం కీర్తనల గ్రంథంలో నాలుగు చోట్ల మాత్రమే కనిపిస్తుంది. 22వ కీర్తనలో రాత్రివేళ కూడ మొర మానని ఆర్తుని స్థితిని చెప్పడానికి ఇది నిషేధార్థకంతో వస్తుంది. 39వ కీర్తనలో బలవంతంగా బిగపట్టిన నోటిని, 62వ కీర్తనలో విశ్వాసంతో కూడిన నిరీక్షణను, 65వ కీర్తనలో స్తుతిని తెలుపుతుంది. ఆర్తి, నిగ్రహం, నమ్మకం, స్తుతి అనే నాలుగు దశలకు ఒకే పదం ఆధారమైంది.

అనువాదాలు ఈ ఏకత్వాన్ని అంతటా నిలుపలేదు. 65వ కీర్తనలో గ్రీకు సప్తతి అనువాదం హల్లులను వేరొక విధంగా చదివి, దేవునికి గీతం తగినదనే అర్థాన్ని ఇచ్చింది. దీనిని అనుసరించిన లాటిన్ పాఠం పాశ్చాత్య సంఘపు మృతుల ఆరాధన ప్రవేశగీతంలో చేరింది. హీబ్రూ నుండి నేరుగా అనువదించినప్పుడు జెరోమ్ మౌనార్థాన్నే స్వీకరించాడు. యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ ఈ వాక్యాన్ని ప్రమాణంగా చూపి, దేవుని విషయంలో మౌనమే ఉత్తమ స్తుతి అని నిరూపించాడు. ఒక పాఠభేదం వల్ల ఒక సంప్రదాయం గీతాన్నీ, మరొకటి మౌనాన్నీ వారసత్వంగా పొందాయి. 1611 నాటి ఆంగ్లానువాదం 62, 65 కీర్తనల్లో ఈ పదాన్ని నిరీక్షణార్థంలో గ్రహించింది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు ఈ నాలుగు చోట్లా 'మౌన' శబ్దాన్నే ఆశ్రయించింది. ఫలితంగా ఆంగ్ల పాఠకునికి అందని అంతస్సంబంధం తెలుగు పాఠకునికి అందుతుంది.

ఏలీయా ఘట్టంలో (1 రాజులు 19:12) తెలుగు అనువాదం వేరొక మార్గం పట్టింది. గాలి, భూకంపం, అగ్ని తరువాత వచ్చేది మూలంలో 'సన్నని నిశ్శబ్దపు ధ్వని' అనదగిన విరోధాభాసం. తెలుగులో అది నిమ్మళంగా మాట్లాడే స్వరమైంది. వాక్కు స్పష్టమైంది గాని నిశ్శబ్దం మరుగైంది. కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకులో 3 సార్లు వచ్చే 'సెలా' పదాన్ని మాత్రం తెలుగు అనువాదకులు మూలధ్వనితోనే నిలిపారు. సప్తతి దీనిని వాద్య విరామ సూచకంగా గ్రహించింది. ఆ అర్థాన్ని స్వీకరిస్తే, గీత నిర్మాణంలోనే విరామానికి స్థానం ఉన్నట్లు అంగీకరించాలి.

క్రొత్త నిబంధనలో సమన్వయం

మార్కు సువార్తలో యేసు శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరతాడు (14:26). అదే రాత్రి ప్రధాన యాజకుని విచారణలో అబద్ధ సాక్ష్యాల యెదుట మౌనం వహిస్తాడు (14:61). సిలువపై ఆ మౌనాన్ని విడిచి పలికినది 22వ కీర్తన ప్రారంభం (15:34). రాత్రియందు మౌనం లేదని చెప్పే ఆ కీర్తనే ఇక్కడ నోట వెలువడడం గమనార్హం. తనను తాను సమర్థించుకొనడానికి విడువని మౌనాన్ని ఆయన మొరపెట్టడానికి విడిచాడు.

ప్రకటన గ్రంథంలో ఈ ప్రతీకలు రెండూ పరాకాష్ఠకు చేరతాయి. వీణలతో క్రొత్త పాట పాడే పరలోకంలో (5:8-9), ఏడవ ముద్ర విప్పినప్పుడు దాదాపు అరగంట నిశ్శబ్దం ఏర్పడుతుంది (8:1). వెంటనే పరిశుద్ధుల ప్రార్థనలు ధూపంతో కలిసి పైకి లేస్తాయి. ఆ ప్రార్థనలు వినబడేందుకే పరలోకం మౌనం వహించిందని ఆర్.హెచ్. చార్లెస్ తన 1920 నాటి వ్యాఖ్యానంలో ప్రతిపాదించాడు. ఇశ్రాయేలు స్తుతి కోసం దేవదూతలు పగటివేళ మౌనంగా ఉంటారన్న తల్మూదు సంప్రదాయం దీనికి సన్నిహితమైనది. దీనికి ప్రతిగా 18వ అధ్యాయంలో బబులోను నగరంలో వైణికుల ధ్వని ఇక ఎన్నడూ వినబడదు. మొదటిది ఇతరుల మొర వినడానికి ఇష్టపూర్వకంగా వహించిన మౌనం, రెండవది ఇతరుల మొర వినని నగరంపై శిక్షగా పడిన మౌనం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల సంగీతం, మౌనం బైబిలులో స్థిరార్థం గల విరుద్ధ ప్రతీకలు కావని తేలుతుంది. వాటి విలువను నిర్ణయించేది ధ్వని ఉండడమో లేకపోవడమో కాదు. ఎవరి స్వరానికి చోటు కల్పించారన్నదే ప్రమాణం. ఆమోసు తిరస్కరించిన గీతం దరిద్రుని స్వరాన్ని కప్పివేసింది. పరలోకపు అరగంట మౌనం ప్రార్థించేవారి స్వరానికి దారి ఇచ్చింది. మృతుల మౌనంలో వినేవాడు లేడు, సీయోను మౌనంలో వినేవాడున్నాడన్న నమ్మకం ఉంది. స్తుతిగ్రంథానికి 'కీర్తనలు' అనే సంగీతపరమైన పేరును స్వీకరించిన తెలుగు బైబిలు, అదే గ్రంథంలో 'మౌన' శబ్దాన్ని నాలుగు చోట్లా నిలుపుకోవడం ఈ రెండింటి అవినాభావ సంబంధాన్ని తెలుగులో కాపాడింది.