ఓడ భోజనశాలలో పంచె కట్టుకోవచ్చా?

2022 జూన్‌లో చెన్నై రేవు నుంచి విశాఖకు క్రూయిజ్ ఓడ నడిచినప్పటి నుంచి మనవాళ్లలో ఓడ ప్రయాణం మాట ఎక్కువైంది. ప్రయాణం అనుకోగానే వచ్చే అనుమానం ఒకటుంది: రాత్రి భోజనానికి సూటు వేసుకోవాల్సిందేనా, పంచె కట్టుకుని వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారా?

అసలు ఈ నియమం పాత ఆవిరి ఓడల ఫస్ట్ క్లాసులో పుట్టింది. దొరలూ దొరసానులూ రాత్రి భోజనానికి ప్రత్యేకంగా ముస్తాబై రావాలి. మొదటి రాత్రికీ చివరి రాత్రికీ మాత్రం మినహాయింపు. మొదటి రాత్రికి పెట్టెలు ఇంకా విప్పరు, చివరి రాత్రికి అప్పటికే సర్దేసి ఉంటారు కదా! అదే కాలంలో మన కోస్తా రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు డెక్ టికెట్ మీద రంగూన్ వెళ్లారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. వాళ్లు ఏం కట్టుకున్నారో ఎవరూ పట్టించుకోలేదు. దొరల భోజనాల గది వైపు వాళ్లను రానిస్తే కదా, బట్టల ప్రశ్న రావడానికి.

మధ్య తరగతివాడి అవస్థ వేరు. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కిన పద్దెనిమిదేళ్ల గాంధీని చూడండి. ఓడలో నల్ల సూటు వేసుకున్నాడు, దిగేటప్పటికి ఉండాలని తెల్ల ఫ్లానెల్ సూటు దాచుకున్నాడు. ఇంత చేసీ భోజనాల బల్ల దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. ఫోర్కు, కత్తి పట్టడం రాదు, ఏది శాకాహారమో అడగడానికి ఇంగ్లీషు నోటికి రాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో క్యాబిన్‌లోనే గడిపాడు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఎవరూ అడ్డగించకపోయినా బయటే ఉండిపోయాడన్నమాట. ఆ మనిషే 1921లో మధురైలో కొల్లాయి కట్టి, 1931 ఆగస్టు 29న అదే కొల్లాయితో 'రాజపుతానా' ఓడలో రెండో తరగతిలో లండన్ బయలుదేరారు. ఆ నవంబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుగారి తేనీటి విందుకూ ఆ బట్టలతోనే వెళ్లారు. వచ్చినవాడి పేరు పెద్దదైతే నియమం చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

ఇవాళ్టి ఓడల్లో చాలావరకు పట్టు సడలింది. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 2000లో 'ఫ్రీస్టైల్' అంటూ తప్పనిసరి సూటు రాత్రులను పక్కన పెట్టింది. గట్టిగా పట్టుకున్నది క్యూనార్డ్. వాళ్ల క్వీన్ మేరీ 2లో గాలా రాత్రులకు టక్సీడోనో, ముదురు రంగు సూటో ఉండాలి. వేసుకోనివాడిని ఆకలితో పంపరు. బఫే ఉంది, పబ్ ఉంది, అక్కడ తినమంటారు. ఓడలో నియమం అమలయ్యే తీరే ఇది. గొడవ లేకుండా పక్క గది చూపిస్తారు.

మన చెన్నైలో అలా జరగలేదు. 2014 జూలైలో చేపాక్‌లోని తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంథామన్ వేష్టితో వస్తే లోపలికి పంపలేదు. ఆయన్ను పిలిచిందీ అక్కడికే, ఆపిందీ అక్కడే. పక్క గది చూపించడానికి అది ఓడ కాదు. తెల్లవాళ్లు వెళ్లి అరవై ఏడేళ్లయినా క్లబ్బు పుస్తకంలో ఆ నియమం అలాగే ఉంది, గుమ్మం దగ్గర నిలబడి దాన్ని అమలు చేసింది మాత్రం మనవాళ్లే. అంతకుముందు బొంబాయి విల్లింగ్డన్ క్లబ్బు చెప్పుల్లేకుండా వచ్చిన ఎం.ఎఫ్. హుస్సేన్‌నూ ఇలాగే పంపేసింది.

అయితే ఈసారి అసెంబ్లీ ఊరుకోలేదు. ఆగస్టులోనే చట్టం వచ్చింది. వేష్టి గానీ మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ మర్యాదగా కట్టుకున్నవారిని క్లబ్బులు, హాళ్ల వంటి చోట్ల ఆపితే లైసెన్సు రద్దు, ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా. 'మరే భారతీయ సంప్రదాయ దుస్తులు' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మన పంచె, కండువా అందులోకే వస్తాయి. వేష్టి పేరుతో వచ్చిన చట్టం కదా, మనకెందుకని ఊరుకోకూడదు.

విదేశీ జెండా ఎగరేసి సముద్రం మీద పోయే ఓడకు ఈ చట్టం వర్తించదు. కానీ అక్కడ అవసరం కూడా అంతగా ఉండదు. క్యూనార్డ్ గాలా రాత్రుల జాబితాలోనే ఆయా దేశాల సంప్రదాయ దుస్తులకు చోటుంది, స్కాట్లాండ్‌వాళ్ల కిల్టుకూ ఉంది. ఆడవాళ్ల పట్టుచీరకు ఎలాగూ పేచీ లేదు. కాబట్టి అంచున్న పట్టుపంచె, లాల్చీ, కండువా పెట్టెలో పెట్టుకోండి. సూటు కొనే ఖర్చు మిగులుతుంది. బుక్ చేసేముందు ఆ కంపెనీ బట్టల నియమాలు ఒకసారి చదువుకోండి. లుంగీ మాత్రం క్యాబిన్ దాటనివ్వకండి.