ఇంజను నూనెకు వడపోత వచ్చిన వైనం

గోదావరికి ఎర్రనీరు దిగిన రోజులలో ధవళేశ్వరం రేవున చెంబెడు నీరు ముంచి కాసేపు కదల్చక ఉంచితే అడుగున ఒండ్రు పేరుకుంటుంది. 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించిన ఆర్థర్ కాటన్‌కు నీటిని నిలపటం ఒక సమస్య అయితే, ఆ నీటితో కొట్టుకువచ్చే ఇసుకను సాగనంపటం మరొక సమస్య. అందువలననే కాలువలకు నీరు వదలే తూముల పక్కన, ఇసుకను తిరిగి నదిలోకే నెట్టివేసే తూములు కూడ కట్టారు. అయినా కొంత మట్టి కాలువలోనికి పోక మానదు. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయటం డెల్టా రైతులు ఎరిగిన పనే.

మోటారు ఇంజనులో కూడ ఇటువంటి కాలువలు ఉన్నవి. వాటిలో పారేది నీరు కాదు, కందెన నూనె. క్రాంకు షాఫ్టు నిమిషానికి వేలసార్లు తిరుగుతున్నప్పుడు అది బేరింగు లోహాన్ని తాకదు. రెండింటి నడుమ వెంట్రుకకన్న పలుచనైన నూనెపొర మీద తేలుతూ ఉంటుంది. ఆ పొరకన్న లావైన రేణువు ఒకటి వచ్చి పడితే మెత్తని బేరింగు లోహం గీరుకొనిపోతుంది. పెట్రోలు మండగా మిగిలిన మసి, అరిగిన లోహపు పొడి, గాలితో వచ్చిన దుమ్ము, ఇవన్నీ నూనెలో చేరుతూనే ఉంటవి. వేసవిలో కాలువ గట్టు మీద జీపు నడిపితే లేచేది ఎండిన ఆ గోదావరి ఒండ్రే!

తొలి మోటారు బండ్లకు వడపోత లేదు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు 'టి' నమూనా కారుకు నూనె పంపు సైతం లేదు. తిరిగే చక్రమే నూనెను ఎగజల్లేది. మురికిపట్టిన నూనెను తరచుగా పారబోసి కొత్తది పోయటమే అప్పటి చికిత్స. తరువాత పంపు వచ్చి నూనెను ఒత్తిడితో బేరింగులకు పంపసాగింది. మేలు జరిగినదే కాని, నూనెతోపాటు మురికిని కూడ అది సూటిగా బేరింగులకే చేర్చింది.

1923లో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జి గ్రీన్‌హాల్ అనే ఇద్దరు అమెరికనులు మోటారు బండికి తగిన నూనె వడపోతను రూపొందించి దానికి 'ప్యూరొలేటర్' అని పేరు పెట్టారు. 'శుద్ధమైన నూనె తరువాత' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలను కుదించగా వచ్చిన పేరిది. 1924లో క్రైస్లర్ కారుకు దీనిని అమర్చారు.

ఇక్కడొక విశేషం ఉన్నది. ఆనాటి వడపోత గుండా నూనె అంతా పోదు. పంపు నుండి వచ్చిన నూనెలో సుమారు పదోవంతు మాత్రమే పక్కదారిన వడపోతకు వెళ్ళి, శుభ్రపడి, అడుగు తొట్టిలోకి దిగుతుంది. తక్కినదంతా వడకట్టకుండానే బేరింగులకు పోతుంది. ఇదేమి శుభ్రత అనిపించవచ్చు. కాని వడపోత పూడిపోతే బేరింగులకు నూనె అందక ఇంజను నిమిషాలలో బిగుసుకొనిపోతుందని వారి భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు జీపుకు ఉన్నది ఈ పక్కదారి వడపోతే. 1947లో బొంబాయిలో మహీంద్రావారు జీపులను కూర్చటం మొదలుపెట్టిన తరువాత అవి మన పల్లెదారులకు కూడ వచ్చాయి.

పక్కదారి వడపోతలో ఒక మోసం ఉన్నది. అది పూర్తిగా పూడినా నూనె ఒత్తిడి ముల్లు పడిపోదు, ఇంజను ఆగదు. నడిపేవారికి సూచన ఏదీ అందదు. నూనె మాత్రం నానాటికి నల్లబడి బేరింగులను తింటూ ఉంటుంది. కనుక పాత జీపు గలవారు లక్షణాల కోసం ఎదురుచూడక గడువు ప్రకారం లోపలి సరుకును మార్చవలసిందే.

తరువాత వచ్చిన ఇంజనులలో మొత్తం నూనె వడపోత గుండానే బేరింగులకు పోయే పద్ధతి స్థిరపడింది. మరి పాత భయం సంగతి? చెరువుకు అలుగు ఉన్నట్లు దీనికి ఒక చిన్న కవాటం పెట్టారు. వడపోత పూడి ఒత్తిడి పెరిగితే కవాటం తెరుచుకొని నూనెను వడకట్టకుండానే ముందుకు వదులుతుంది. మురికి నూనె అయినా, నూనె లేకపోవటంకన్న మేలు గదా. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల పాత అంబాసిడరుకు ఉన్నది ఈ పద్ధతే. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా, దానిని భద్రంగా నడుపుకొనేవారు ఇంకా ఉన్నారు.

అంబాసిడరు ఇంజను పక్కన వేలాడే ఉక్కుగిన్నెలో ఈ వడపోత ఉంటుంది. ఇంజనును కొంత వేడెక్కించి ఆపితే నూనె పలుచబడి మడ్డితో సహా దిగుతుంది. అది దిగిన పిమ్మట గిన్నె నడిమి పొడుగు బోల్టు విప్పాలి. లోపలి స్ప్రింగు, వాషర్లు ఏ వరుసలో ఉన్నవో చూసుకొని తీయాలి. వరుస తప్పితే కొత్త వడపోత సరిగా ఆనక, నూనె దాని పక్కనుండి జారిపోతుంది. గిన్నెను కిరసనాయిలుతో కడిగి పొడిగా తుడవాలి. ఎక్కువమంది తప్పేది రబ్బరు చుట్టు దగ్గర. పాతది గట్టిపడి గాడిలోనే అతుక్కొని కంటికి కనిపించదు. దానిమీదనే కొత్తది పెడితే రెండూ కుదురుకొనక నూనె కారుతుంది. మొనదేలిన పుల్లతో పాతదానిని పెకలించి తీరాలి. బోల్టును అతిగా బిగించరాదు.

1950ల నడుమ, గిన్నెతో పని లేకుండా చేతితో తిప్పి బిగించే డబ్బా వడపోత వచ్చి ఈ శ్రమను చాలవరకు తప్పించింది.

దింపిన నల్లనూనెను డబ్బాకెత్తి పాత నూనె కొనేవారికి ఇవ్వాలి. ధవళేశ్వరం దిగువన ఎన్నో ఊళ్ళ మంచినీటి చెరువులు కాలువ నీటితోనే నిండుతవి.

కొత్త నూనె పోసి ఇంజనును నెమ్మదిగా నడిపితే ఒత్తిడి ముల్లు కొన్ని క్షణాలు ఆలస్యంగా లేస్తుంది. ఖాళీ గిన్నె నిండటానికి పట్టే వ్యవధి అది. అంతవరకు వేగం పెంచరాదు. ఆపిన తరువాత అయిదు నిమిషాలు ఆగి డిప్ స్టిక్కు చూస్తే, గిన్నె తాగినంత మేరకు మట్టం తగ్గి ఉంటుంది. ఆ కొరత పోసి మూత పెట్టాలి.