అకారాది నుండి వర్గాల వరకు



విజ్ఞానాన్ని సేకరించడం ఒక ఎత్తు. వెదికిన పిల్లవానికి అది దొరికేటట్లు అమర్చడం మరొక ఎత్తు. నాగపూరులో చదువుకొని మరాఠీలోనూ రచనలు చేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిక్రమంలో తలపెట్టారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి ఆ కృషి ‘అ’ అక్షరాన్ని దాటలేదు. 1947లో మదరాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షరక్రమాన్ని విడిచి, విషయానికొక సంపుటంగా విజ్ఞాన సర్వస్వాన్ని వెలువరించింది. అయితే అచ్చుపుస్తకంలో ఏ పద్ధతి పాటించినా ఒక వ్యాసానికి ఒకటే చోటు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2004లో వికీ సాఫ్ట్‌వేరులో ‘వర్గాలు’ ప్రవేశించాక ఈ చిక్కు తొలగింది. యానాం సంగతే చూడండి: పరిపాలనలో పుదుచ్చేరిది, భాషలో తెలుగుది, 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలోనిది. ఒకే వ్యాసాన్ని మూడు వర్గాలలోనూ చేర్చవచ్చును. సరిహద్దుల కావల ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు.

పేర్ల మాటా అంతే. మనం ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటాం. కన్నడంలో ‘ద్యుతిసంశ్లేషణ’, మరాఠీలో ‘ప్రకాశసంశ్లేషణ’. పొరుగుభాష బడిలో చదివే మన బిడ్డ తానెరిగిన మాటతోనే వెదకుతాడు. ఆ మాట నుండి ‘దారిమార్పు’ లేకపోతే, వ్యాసం ఉన్నా అతనికి లేనట్లే.

కనుక కొత్త వ్యాసాలు వ్రాయలేకపోయినా, మీ తరగతి పాఠాలలోని పారిభాషిక పదాలను పొరుగుభాషా పదాలతో జతచేసి ఒక పట్టిక సిద్ధం చేయండి. ఆ దారులు వేయవలసినవారు రెండు భాషలూ ఎరిగిన మనమే.