బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ (నవల)

బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ అమెరికా రచయిత్రి లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ రచించిన అంతరిక్ష సాహస నవల. వోర్కోసిగన్ నవలామాలకు చెందినది. 1989లో బేన్ బుక్స్ సంస్థ ప్రచురించింది.

కథ

మైల్స్ వోర్కోసిగన్ బరయార్ గ్రహసైన్యములో లెఫ్టినెంటు. మారుపేరుతో, అడ్మిరల్ నేస్మిత్‌గా కిరాయి సేనను నడుపుతుంటాడు. ఇద్దరూ ఒక్కరేనన్న అనుమానము లండనులో ఒక విలేఖరికి కలుగగా, నేస్మిత్ తన క్లోన్ (జన్యు ప్రతిరూపము) అని మైల్స్ బొంకుతాడు. ఆ బొంకే నిజమై ఎదురవుతుంది. బరయార్ ఆక్రమించిన కొమార్ గ్రహపు తిరుగుబాటుదారులు మైల్స్ తండ్రిని హతమార్చుటకు ఒక క్లోన్‌ను రహస్యముగా పెంచియుంటారు.

విశేషాలు

మైల్స్ పొట్టితనము, పెళుసు ఎముకలు గర్భములో సోకిన విషము వలన కలిగినవి, జన్యుసంబంధమైనవి కావు. అందుచేత క్లోన్‌ను శస్త్రచికిత్సలతో ఆ రూపమునకు మార్చవలసి వచ్చింది. మైల్స్ అతనిని శత్రువుగా గాక తమ్మునిగా ఎంచి, రెండవ కుమారునికి ఆచారము ప్రకారము రావలసిన మార్క్ అను పేరును ఇస్తాడు. రూపమొకటైనా వ్యక్తులు వేరన్నది నవల సారాంశము. మార్క్ కథ కొనసాగిన మిర్రర్ డాన్స్ (1994) నవలకు 1995లో హ్యూగో పురస్కారము లభించింది.