ఎఱ్ఱచందనము – ఎల్లలు దాటిన శాసనము

కోలారు సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి యిండ్లలో దసరా కొలువు తీర్చునపుడు మరపాచి దంపతుల బొమ్మలకు ప్రత్యేకమైన స్థానము కలదు. తిరుపతి యాత్రకు పోయిన పెద్దలు తెచ్చిన ఆ బొమ్మలు ఎఱ్ఱచందనపు కొయ్యతో చెక్కినవి. పసిబిడ్డలకు వాపు వచ్చినచో ఆ కొయ్యనే సానపై అరగదీసి పట్టు వేయుట మన అవ్వలెఱిగిన వైద్యము. ఇట్లు మన యింటి వస్తువైన యీ వృక్షము పేరు నేడు ప్రపంచ దేశములు అంగీకరించిన యొక శాసనపు పట్టికలో నున్నది. అది యా పట్టికకు ఎట్లెక్కెనో, ఎక్కినందువలన దానికి కలిగిన రక్ష యెంతయో విచారింపవలెనని మా సంకల్పము.

ఎఱ్ఱచందనము భూమిపై సహజముగా పెరుగు చోటు మిక్కిలి చిన్నది. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలికొండలు, వానిని అంటిన మరికొన్ని తావులు – అంతియే. మన బంగారు గనులనుండి పలమనేరు దారిని బయలుదేరినవాడు ఒక్క పూటలో ఆ కొండల నీడకు చేరును. రాతినేలలో మెల్లగా పెరుగు ఆ చెట్టుకు లోపలి ఎఱ్ఱని చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. ఒకప్పుడు ఐరోపాలోని అద్దకపువారు ఉన్నికి రంగు వేయుటకై దీనిని తెప్పించుకొనిరి. కృత్రిమపు రంగులు పుట్టిన పిదప ఆ బేరము సన్నగిల్లెను. కాని తూర్పు దేశముల గిరాకి వేఱు. చైనాలో విలువైన గృహోపకరణములకును, జపానులో షామిసెన్ అను మూడు తంతుల వాద్యపు మెడకును ఈ కొయ్యయే శ్రేష్ఠమని వారి నమ్మకము. సంగీతము వారిది, గొడ్డలిపెట్టు మన కొండలది!

నశించిపోవు జాతులను కాపాడుటకు దేశములు కూడి నియమములు వ్రాయుట క్రొత్త సంగతి కాదు. 1900లో లండనులో ఐరోపా రాజ్యములు ఆఫ్రికా మృగములను గూర్చి ఒక ఒడంబడిక వ్రాసికొనినవి. అది అమలునకే రాలేదు. 1933లో అదే నగరమున మఱియొకటి వ్రాసి, జాతులను ‘ఏ’, ‘బీ’ అను రెండు తరగతులుగా విభజించిరి. ఆ రెండును పరిపాలకుల శాసనములు; ఆ అడవులలో నివసించు ప్రజలను అడిగి వ్రాసినవి కావు.

నేటి ఒడంబడికకు బీజము 1963లో నైరోబిలో పడినది. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘము ఆ సభలో అరుదైన జంతువుల, వాని చర్మముల ఎగుమతి దిగుమతులను కట్టడి చేయు ఒప్పందము కావలెనని తీర్మానించెను. పిమ్మట ముసాయిదా వెనుక ముసాయిదా దేశములకు పంపబడినది. పట్టిక యెవరు వ్రాయవలెను? అన్ని దేశములకు ఒకే పట్టికయా, లేక ఏ దేశమునకు ఆ దేశము తన పట్టికయా? చిక్కంతయు ఇచ్చటనే. ఆ సంఘము 1969 నవంబరులో మన ఢిల్లీలోనే సమావేశమై, పులుల దుర్గతిని లోకమునకు తెలిపెను. 1972లో స్టాక్‌హోమ్ మహాసభ ఈ పనిని త్వరపెట్టినది. 1973 ఫిబ్రవరి 12న వాషింగ్టనులో 80 దేశముల ప్రతినిధులు కూర్చుండి, మార్చి 3న పాఠమును ముగించిరి. ఆ దినముననే 21 దేశములు సంతకము చేసినవి. 1975 జూలై 1న అమలునకు వచ్చిన యీ సైటీస్ ఒడంబడికలో భారతదేశము 1976లో చేరినది.

చిక్కును వారు విప్పిన తీరు మెచ్చదగినది. మొదటి అనుబంధము నాశనపు అంచున ఉన్న జాతులది. వాని వ్యాపారము నిషిద్ధము. రెండవది, అదుపు లేనిచో ఆ స్థితికి రాగల జాతులది. అనుమతి పత్రము లేనిదే అవి ఎల్ల దాటరాదు. ఈ రెండును ఉమ్మడి పట్టికలు. మూడవదానిలో ఏ దేశమైనను తన జాతులను తానే చేర్చుకొని తక్కినవారి సాయము కోరవచ్చును. ఒడంబడిక ప్రామాణిక పాఠము చైనా, ఆంగ్ల, ఫ్రెంచి, రష్యా, స్పానిషు భాషలలో నున్నది. జాతుల పేర్లు లాటినులో! ఆ చెట్టుక్రింద కట్టెలేరుకొను తెలుగువానికి అందులో ఒక్క అక్షరమైనను అందదు.

భారతదేశపు ప్రతిపాదనపై 1994 నవంబరులో ఫోర్ట్ లాడర్‌డేల్ సభ అంగీకరింపగా, 1995 ఫిబ్రవరినుండి ఎఱ్ఱచందనము రెండవ అనుబంధములో నిలిచినది. తిరుపతి, కడప కొండలకే పరిమితమై, చూచుటకు ఈతమొక్కవలె నుండు సైకస్ బెడ్డోమి మొదటి అనుబంధములో నున్నది. శాసనమున మాట యెంత బరువైనదో ఇచ్చట చూడవలెను. ఎఱ్ఱచందనమునకు మొదట వ్రాసిన వివరణలో దుంగలు, చెక్కపేళ్లు, పనిచేయని ముక్కలు మాత్రమే కలవు. రంగు కొఱకు కొనువానికి దుంగయే యేల, పొడి చాలును గదా! 2007లో హేగ్ సభ వివరణను సవరించి పొడిని, సారమును చేర్చినది. ఆ పండ్రెండేండ్ల సందును మూసినవి ఆ రెండు మాటలే.

రేవులో తలుపు బిగించినకొలది అడవిలో దొంగతనము పెచ్చు పెరిగినది. ధర పెంచినది దూరదేశపు ధనికులు. గొడ్డలి పట్టినది తమిళనాటి కొండపల్లెల బీదలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలమున పోలీసు కాల్పులలో 20 మంది కూలీలు మరణించిరి. కొయ్య కొన్నవారి పేళ్లు ఆ జాబితాలో లేవు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే వేలము వేసి విదేశీయులకు అమ్ముట ఆ గిరాకిని చల్లార్చునా, పెంచునా యని మాకు సందేహము. రైతులు పొలములలో నాటి పెంచిన చెట్ల మాట వేఱు. వారికి న్యాయమైన బేరము దొరకవలసినదే. 2004 మొదలు సైటీస్ వారు మనదేశపు ఎఱ్ఱచందన వ్యాపారమును ప్రత్యేక పరిశీలనలో ఉంచి, 2023 నవంబరులో ఆ పరిశీలననుండి తొలగించిరి. అడవిలోని చెట్టు మాత్రము ఇప్పటికిని అపాయములోనున్న జాతిగనే లెక్కింపబడుచున్నది.

ఇక మన గడపకే వత్తము. కోలారు జిల్లాలోని హనుమనహళ్లి గుహలో ఒక చిన్న ఆకుముక్కు గబ్బిలము నివసించుచున్నది. శాస్త్రజ్ఞులు దానిని 1994లో క్రొత్త జాతిగా వర్ణించిరి. ప్రపంచమున మఱెచ్చటను ఇప్పుడది కానరాదు. లెక్కకు రెండు వందలైనను లేవు. సైటీస్ పట్టికలలో దాని పేరు లేదు, ఉండి ప్రయోజనమును లేదు: దానిని ఎవరును కొనరు, అమ్మరు, ఓడ యెక్కింపరు. దానికి శత్రువు ఆ బండలను పగులగొట్టు రాతిక్వారీ. గుహ చుట్టునున్న నేలను కాపాడుటకు కర్ణాటక అటవీశాఖ పూనుకొన్నది. వాషింగ్టనులో వ్రాసిన యే వాక్యమును ఆ గుహదాక రాదు. అక్కడ చెల్లునది తాలూకా కచేరిలో క్వారీ అనుమతిపై వ్రాయు వాక్యమే. అది కన్నడములో నుండును, మనము చదువగలము.