కేంబ్రిడ్జ్ బోర్డు పుట్టిన ఊరి నుంచి

కొండాపూర్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, పిల్లాణ్ణి ఎందులో వెయ్యమంటావు? సీబీఎస్‌ఈనా, ఐసీఎస్‌ఈనా, కేంబ్రిడ్జా?” హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ బడి గేటు మీద చూసినా ఈ పేర్లే పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పదిహేనేళ్లుగా కేంబ్రిడ్జ్‌లోనే ఉంటున్నాను కదా, నాకు తెలుస్తుందని దాని నమ్మకం.

ఇక్కడ నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మొన్న ఆగస్టులో మా అమ్మాయి జీసీఎస్‌ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షల ఫలితాల కాగితం తెచ్చింది. లెక్కల పక్కన ఎడెక్సెల్, ఇంగ్లీషు పక్కన ఏక్యూఏ, కంప్యూటర్ సైన్సు పక్కన ఓసీఆర్. ఒక్క పిల్లకి మూడు బోర్డులు! ఏ సబ్జెక్టుకి ఏ బోర్డో బడివాళ్లే తేల్చుకుంటారు.

ఇక్కడి బోర్డులు ప్రభుత్వం పెట్టినవి కావు, చాలావరకు విశ్వవిద్యాలయాల్లోంచి వచ్చినవి. 1858లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వేరే ఊళ్లలోని బడిపిల్లలకి కూడా పరీక్షలు పెట్టడం మొదలెట్టింది. ఆక్స్‌ఫర్డూ అదే ఏడాది దిగింది. తర్వాత మరికొన్ని విశ్వవిద్యాలయాలూ బోర్డులు పెట్టుకున్నాయి. అప్పట్లో స్కూల్ సర్టిఫికెట్ అని ఉండేది. కొన్ని సబ్జెక్టులు కలిపి పాసైతేనే అది చేతికొచ్చేది. కావలసిన వాటిలో ఒకటి తప్పినా ఏళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. ఎంతమంది పిల్లలు ఏడ్చి ఉంటారో! 1951లో దాని స్థానంలో ఓ లెవెల్ పరీక్ష వచ్చాక ఏ సబ్జెక్టు పాసు దానికదే అయింది. నా దృష్టిలో ఈ దేశం బడిపిల్లలకి చేసిన గొప్ప మేలు అదే.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్ని బడులు కేంబ్రిడ్జ్ పరీక్షే రాయించేవి. దాని స్థానంలో మనదంటూ ఒకటి ఉండాలని 1958లో ఐసీఎస్‌ఈ కౌన్సిల్ ఏర్పడింది. ఇప్పుడు గచ్చిబౌలి బడుల్లో కనబడే ఐజీసీఎస్‌ఈ, కేంబ్రిడ్జ్ వాళ్లు బయటి దేశాల కోసం 1988లో మొదలెట్టినది. అంటే చెల్లెలు అడిగిన మూడింటిలో రెండు ఒకే ఇంటివి.

పిల్లాడు పది తర్వాత ఏం రాయాలో ముందు చూడమన్నాను. ఈఏపీసెట్‌కి ఇంటర్ సిలబస్ పట్టు కావాలి, నీట్‌కి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రావాలి. పై చదువుకి ఇటు పంపే ఉద్దేశం ఉంటే కేంబ్రిడ్జ్ చక్కగా పనికొస్తుంది.

మీరూ బడి చూడ్డానికి వెళ్తే గేటు మీది పేరు దగ్గర ఆగిపోకండి. తొమ్మిదో తరగతి పిల్లలవి దిద్దిన పేపర్లు నాలుగు చూపించమని అడగండి. తప్పు పక్కన టీచరు ఏం రాశారో చదివి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.